వదిన రాసిన ఎర్రరంగు

జీడెలిక్, బత్కెన్
20 అక్టోబరు 2002

వదినకి, జుమాగుల్ సలాములు.

అమ్మ మోకాళ్ళెలా ఉన్నాయి? రాత్రిపూట గుర్రం కొవ్వు రాయించుకుంటోందా, వాసనని మొండికేస్తోందా? ఎండు ఆప్రికాట్లు రెండు సంచులు పక్కన పెట్టాను. అటువైపు ఎవరైనా వస్తే పంపుతాను. అన్నయ్య కంట పడకుండా దాచు.

అసలు సంగతికి వస్తాను. మా బడిలో నామీద రభస జరుగుతోంది. నా తొమ్మిదో తరగతి పిల్లలు రసాయనశాస్త్రం పుస్తకం గడగడా చదువుతారు. ఏం చదివారర్రా అంటే పైకప్పు చూస్తారు. కథ చదివినట్టు చదివి, అయిపోయిందనుకుని మూసేస్తున్నారు. కథలో ఊహకి చోటుంటుంది. ఇక్కడ ఒక్క చెంచా తేడా వస్తే మొత్తం మారిపోతుంది. అందుకని ఈ ఏడు నా గంటలో సగం చదివించడానికీ రాయించడానికీ పెట్టాను. ఒక పేరా చదవాలి, అర్థమైన చోట ఒక గుర్తు, కాని చోట ఇంకో గుర్తు పెట్టాలి, చేసి చూడాలి. తర్వాత, చదివిన మరొకరు మళ్ళీ చేయగలిగేలా రాయాలి.

దీనికి మా కిర్గిజ్ భాష మాస్టారు ఇసాబెక్ గారికి ఒళ్ళు మండింది. ఉపాధ్యాయుల గదిలో అందరి ముందూ, "ఏమమ్మా, సీసాలు కడుక్కునేదానివి, నా పొలంలో నాగలి పెట్టావేంటి? చదవడం రాయడం నేను చూసుకుంటాను, నువ్వు సూత్రాలు చెప్పుకో" అన్నారు.

"మీ పొలంలో పండిన గోధుమలే మాస్టారూ, నా దగ్గర రొట్టె చేయిస్తున్నాను" అన్నాను. అందరూ నవ్వారు, ఆయన తప్ప.

నవ్వితే తీరలేదు. మార్చిలో జిల్లా నుంచి తనిఖీ కమిషన్ వస్తుంది. వాళ్ళ ముందు ఒక పాఠం చెప్పి చూపించాలి. అది నిలబడకపోతే తొమ్మిదో తరగతిని నా దగ్గర నుంచి తీసేస్తానని మా బడి డైరెక్టరు తేల్చేశారు. పదకొండేళ్ళుగా నా చేతిలో ఉన్న తరగతి, వదినా.

కాబట్టి నీ సాయం కావాలి. షిర్దక్ తివాచీలకి నువ్వు ఉన్నిని ఎర్రగా ఎలా అద్దుతావో రాసి పంపు. పిల్లలు నీ కాగితం ఒక్కటే పట్టుకుని చేస్తారు. కాగితంలో లేనిది నేను నోరు విప్పి చెప్పకూడదని మా ఒప్పందం. ఎరుపిచ్చే మంజిష్ఠ వేరు ఇక్కడ గట్ల మీద బోలెడు.

నువ్వు జడ బిగించి అల్లితే ఏడ్చిన
నీ ఆడపడుచు

*

కొచ్కోర్
10 నవంబరు 2002

బిస్మిల్లా.

మా తెల్లమ్మాయికి,

నీ అసలు పేరు బడి రిజిస్టరులో ఉంటే చాలు. నేను ఈ ఇంటి గడప తొక్కిన రోజు నీకు పదేళ్ళు. ఆ రోజు పెట్టిన పేరుతోనే పిలుస్తాను.

ఉపవాసాల నెల కదా, పొద్దు వాలేలోగా రాసేద్దామని కూర్చున్నాను. అత్తగారికి డెబ్బై ఎనిమిది దాటాయి, ఉపవాసం వద్దన్నాడు డాక్టరు. "వాడెవడు, నేను వాడి తల్లి పుట్టకముందు నుంచీ ఉంటున్నాను" అని తెల్లవారకముందే నాకంటే ముందు లేస్తోంది. మోకాళ్ళు పరవాలేదు.

నేను వ్యాసం రాసి ముప్పై రెండేళ్ళయింది. పదో తరగతిలో ఐదుకి మూడు వచ్చాయి. అప్పటినుంచీ పెళ్ళి పిలుపులు తప్ప ఏమీ రాయలేదు. అయినా నువ్వు అడిగావు, పిల్లల చదువు సంగతి. చదువు కోసం పట్టిన కలం వృథా పోదని మన మసీదు మొల్దో గారంటారు.

కిలో ఉన్నికి అరకిలో ఎండు వేరు. దంచి ముందురోజే నానబెట్టాలి. ఉన్నిని వేరే వేడి నీళ్ళలో, అది ఒక గుప్పెడు వేసి, ఖురాన్‌లోని యాసీన్ సూరా మూడుసార్లు చదివేంతసేపు ఉంచాలి. అదేమిటో నీకు తెలుసు. పెద్దదానిలో వద్దు, రెండోదానిలో చేయాలి. తర్వాత ఉన్నిని వేరు నానిన నీళ్ళలోకి మార్చాలి. ఆ నీళ్ళు ఎంత వేడంటే, చెయ్యి పెట్టి మూడుసార్లు బిస్మిల్లా అనగలగాలి, నాలుగోసారి అనలేకపోవాలి. మరిగిందా, ఎరుపు పోయి మట్టిరంగు మిగులుతుంది. మళ్ళీ యాసీన్ మూడుసార్లు. నీడలో ఆరబెట్టాలి.

మా అమ్మ ఇలాగే చెప్పింది, ఆవిడకి వాళ్ళమ్మ చెప్పింది. తప్పులుంటే దిద్దుకో. మసీదు నుంచి అజాన్ వినిపిస్తోంది, ఖర్జూరం కోసం అత్తగారు చెయ్యి చాస్తోంది. ఆపుతున్నాను.

నీ మేలు కోరే
వదిన

*

జీడెలిక్
8 డిసెంబరు 2002

వదినా, పండగ శుభాకాంక్షలు. నువ్వు నూనెలో వేయించే బోర్సోక్‌లు తలుచుకుంటూ ఇక్కడి గట్టి రొట్టె నమిలాను.

నీ ఉత్తరం తరగతిలో చదివాం. పిల్లలు నాలుగు రోజులు దాన్ని వదల్లేదు! వాళ్ళ గుర్తులతో సహా నీ కాగితాన్నే వెనక్కి పంపుతున్నాను, చూడు. నలభై ఏడు ప్రశ్నలు. యాసీన్ దగ్గరైతే యుద్ధమే జరిగింది. ఒకడు లేచి, "అక్కా, మా తాత చదివితే పది నిమిషాలు, మా ఊరి మొల్దో చదివితే అరగంట. ఎవరి యాసీన్?" అన్నాడు. చివరికి గడియారం పట్టుకుని ముగ్గురి ఇళ్ళకి వెళ్ళి లెక్కపెట్టుకొచ్చారు. బిస్మిల్లా వేడి తేల్చడానికి పద్దెనిమిది మంది వేడి నీళ్ళలో చేతులు పెట్టారు. థర్మామీటరు చూసి రాసుకున్నారు.

కానీ రంగు రాలేదు. "అది" అంటే ఏమిటో ఎవరికీ తెలియలేదు. ఉప్పయి ఉంటుందని ఓటు వేసి ఉప్పు వేశారు. రెండు బాణళ్ళలో చిన్నదాన్ని పెట్టారు. ఉన్ని మట్టిరంగుకి తిరిగింది, ఒక్క ఉతుక్కి ఆ మట్టి కూడా పోయింది. అదీ రాసుకున్నారు.

మా పొరుగావిడ తొంగి చూసి, "మీ కొచ్కోరోళ్ళు గుట్టు చెప్తారా తల్లీ, తివాచీలు అమ్ముకోవద్దూ!" అంది. భలే నవ్వొచ్చింది.

అడిగినవాటికి జవాబులు రాసి పంపు. తొందరగా.

జుమాగుల్

*

కొచ్కోర్
24 డిసెంబరు 2002

బిస్మిల్లా.

తెల్లమ్మాయికి,

ఆప్రికాట్లు అందాయి. అత్తగారికి నచ్చాయి.

నీ కవరు విప్పేసరికి ఇంట్లో అందరూ ఉన్నారు. నేను రాసిన కాగితం నిండా ఎర్ర పెన్సిలు. మీ అన్నయ్య చూసి, "ఐదుకి మూడు అన్నావు, ఈసారి ఒకటి కూడా వచ్చేలా లేదే" అని నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఆవు కొట్టంలోకి వెళ్ళి కాసేపు నిలబడ్డాను.

దిద్దుకోమన్నది నేనే. కానీ నలభై ఏడు తప్పులని తెలిస్తే రాసేదాన్ని కాదు. యాసీన్‌ని గడియారంతో కొలవడం కూడా నాకు కష్టంగానే అనిపించింది. మనం దాన్ని అల్లా కోసం చదువుతాం, రంగు కోసం కాదు. పనిలో చెయ్యి ఊరికే ఉంటుంది కదా, నోరైనా పుణ్యం చేసుకుంటుందని చదువుతాం, అంతే.

ఇక గుట్టు మాట. ఇరవై ఏళ్ళుగా ఎవరు అడిగినా నా గుమ్మంలో కూర్చోబెట్టి నేర్పాను. నారిన్ నుంచి వచ్చి నేర్చుకున్నవాళ్ళున్నారు. నేను దాచానని ఒకరంటే నీకు నవ్వొచ్చింది. నాకు రాలేదు.

నాకు రాయడం చేతకాదమ్మా. చెయ్యడం వచ్చు. కమిషన్ పాఠానికి ఇంకెవరినైనా అడుగు. నీ కోసం ప్రతి నమాజులోనూ దువా చేస్తున్నాను, అది మాత్రం మానను.

వదిన

*

జీడెలిక్
12 జనవరి 2003

వదినా,

నీ ఉత్తరం బడి మెట్ల మీద నిలబడి చదివాను. నేను బుద్ధి లేనిదాన్ని. ముందు చెప్పవలసింది చెప్పకుండా కాగితం పంపేశాను.

ఆ పెన్సిలు గుర్తులు తప్పులు కావు. ఒక్కటీ కాదు. మా తరగతిలో ఎర్ర గుర్తు అంటే "ఇక్కడ ఇంకా తెలుసుకోవాలి" అని. పుస్తకంలో పాఠానికి వాళ్ళు ఐదో ఆరో పెడతారు. నీ కాగితానికి నలభై ఏడు పెట్టారంటే, అంతగా వాళ్ళు దేన్నీ చదవలేదు. మా లెక్కల మాస్టారు అబ్దిమాలిక్ గారు అది చూసి, తన తరగతిలో కూడా లెక్క చేసేముందు దాన్ని మాటల్లో రాయించడం మొదలుపెట్టారు. "ఏమిటి అడిగారో తెలియకుండానే పదేళ్ళుగా జవాబులు తెస్తున్నారమ్మా నా వీరులు" అన్నారు.

పొరుగావిడ మాటకి నవ్వాను నిజమే. నిన్నెరిగినవాళ్ళకి అది నవ్వే మాట కాబట్టి నవ్వాను.

ఇంతలో ఒకటి జరిగింది. సెజిమ్ అని ఒక పిల్ల ఉంది, తరగతిలో నోరు విప్పదు. పత్తి నూలుకి రంగు వేసేటప్పుడు వాళ్ళ అమ్మమ్మ పటిక వేస్తుందట. "అది" పటిక కావచ్చని కాగితం చివర చిన్న అక్షరాలతో రాసింది. నాకు ముందే అనుమానం ఉంది, కానీ ఒప్పందం ప్రకారం నోరు మూసుకున్నాను. వేసి చూశారు. రంగు ఉన్నిని పట్టుకుంది! ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు. కానీ ఎరుపు కాదు వదినా, ఎండిన రేగుపండు రంగు. ముక్క పంపుతున్నాను. ఎందుకిలా వచ్చిందో నాకూ తెలియలేదు. "రెండోదానిలో" అన్నావు కదా, అక్కడేదో ఉందని సెజిమ్ అంటోంది.

నేనే పూరించి చెప్పేస్తానన్నాను. ఒప్పుకోలేదు. "మీరు చెబితే అది మీ కాగితం అక్కా. ఆవిడ కాగితం కాదు" అన్నారు.

ఆ రెండు మాటలు, ఏం వేయాలి, దేనిలో వేయాలి, పేరు పెట్టి రాయి. రాయకపోవడానికి కారణం ఉంటే అదైనా రాయి. కమిషన్ మార్చి మొదటి వారంలో.

నీ మీద అలిగే హక్కు లేని
జుమాగుల్

*

కొచ్కోర్
30 జనవరి 2003

బిస్మిల్లా.

మా తెల్లమ్మాయికి,

నీ ఉత్తరం వచ్చి తొమ్మిది రోజులైంది. రోజూ కలం తీస్తున్నాను, పెడుతున్నాను. నువ్వు ఈ ఇంటి కూతురివి, నీకు గుర్తుండదు. నేను కోడలిని, మామగారి పేరూ, ఆ పేరులో ఉన్న మాటలూ పలకకూడనిదాన్ని. మన భాషలో పటిక పేరులో రాయి ఉంది. నేను వద్దన్న ఆ పెద్ద బాణలి ఇనుముది. ఆ రెండు మాటలూ కలిస్తే పోయిన మామగారి పేరు. ముప్పై ఏళ్ళుగా ఆ రెంటినీ నేను నోట పలకలేదు. ఏటి దగ్గర రాళ్ళని కూడా "గట్టివి" అంటాను. సుత్తిని, మేకుని "నల్లవి" అంటాను. ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే మీ పిల్లలకీ తెలుస్తుందని రాసేశాను. బత్కెన్‌లో పద్నాలుగేళ్ళ పిల్లలు నా మామగారి పేరు ఎందుకు ఎరుగుతారు! అంత చిన్న సంగతి నాకు తట్టలేదు.

మొల్దో గారిని అడిగాను. "ఇది మతంలో లేదమ్మా, మన పెద్దల మర్యాద. మీ అత్తగారిని అడుగు" అన్నారు. అడగకుండా వచ్చి మళ్ళీ కాగితం ముందే కూర్చున్నాను.

నిన్న అత్తగారే, "ఏమే, ఆ కాగితం ముందు గంట నుంచీ కూర్చున్నావు, దానికి గానీ నమాజు చేస్తున్నావా?" అంది. చెప్పాను. మెల్లగా చెప్పాను, వినిపించలేదని మళ్ళీ చెప్పించుకుంది.

వింటూ వింటూ నవ్వడం మొదలుపెట్టింది. "పలకొద్దన్నారు పెద్దలు. రాయొద్దన్నవాడెవడే? వాళ్ళలో ఒక్కడికి రాయడం వచ్చి ఉంటేగా!" అంది.

"తప్పు కాదా అత్తమ్మా?"

"మీ మామకి వచ్చిన చదువల్లా తన పేరు రాయడమే. అదీ ముప్పై ఏళ్ళ వయసులో నేర్చుకున్నాడు. పార మీద రాశాడు, జీను అడుగున రాశాడు, నా పెళ్ళి పెట్టె మూత మీద బొగ్గుతో రాశాడు. ఎవరో ఒకరు చదవాలనేగా రాశాడు? నోటితో అనకు. చేత్తో రాయి. ముక్కలుగా కాదు, ముందు మొత్తం రాసి నాకు చూపించు."

రాశాను. తాష్‌తెమిర్. తాష్, రాయి. తెమిర్, ఇనుము. చివరి అక్షరం వంకర పోయింది. అత్తగారికి చదవడం రాదు కదా. ఆవిడా అరవై ఏళ్ళుగా ఆ పేరు పలకలేదు. కాగితాన్ని కిటికీ వెలుగులో పెట్టి, ఆ గీతల మీద వేలు నడిపి, "అవును, ఇదే. పెట్టె మీద ఉన్నది ఇదే" అంది.

ఇప్పుడు పిల్లలకి రాస్తున్నాను.

కిలో ఉన్నికి నూటయాభై గ్రాముల పటిక. నా గుప్పెడుని సంతలో తూకం వేయించాను. పాత్ర ఇనుముది కాకూడదు. ఎనామిల్ గిన్నె కావాలి, పెచ్చు ఊడినది పనికిరాదు. పటిక నీళ్ళలో యాభై నాలుగు నిమిషాలు. నేను యాసీన్ చదువుతుంటే మీ అన్నయ్య గడియారం చూశారు. ఒక్కసారికి పద్దెనిమిది. నేను గడియారం వైపు చూడలేదు, కాబట్టి నా చదువు నాదే. వేడి ఎంతో మీ పద్దెనిమిది చేతులు చెప్పిందే రాసుకోండి, నాకు థర్మామీటరు లేదు. మిగతా నలభై మూడు జవాబులు వేరే కాగితాల మీద ఉన్నాయి, రెండువైపులా చదవండి.

రేగుపండు రంగు ముక్క అందింది. తొమ్మిది రోజులుగా దిండు కింద పెట్టుకున్నాను. పెద్ద బాణలి వద్దని మా అమ్మ అంది, ఎందుకో చెప్పలేదు, నేను అడగలేదు. అడగకపోవడం వల్ల ఇంత మంచి రంగుని ఇన్నాళ్ళు చూడనేలేదు! అంచుకి ఇలాంటి రంగే ఎప్పటినుంచో వెతుకుతున్నాను. ఆ ఉన్ని ఎంతసేపు ఉంచారో, ఎంత పటిక వేశారో సెజిమ్‌ని రాసి పంపమను. నేను చదివి చేయగలిగేలా రాయమను.

నీ పాఠం అల్లా నిలబెడతాడు.

వదిన

*

జీడెలిక్
6 మార్చి 2003

వదినా,

నాన్న పేరు నేను వీధి వీధంతా అరుస్తూ తిరిగాను, "తాష్‌తెమిర్ కూతుర్నిరా, నన్ను కొట్టి చూడు" అని. అదే ఇంట్లో నువ్వు ఏటి రాళ్ళని కూడా పేరు పెట్టి పిలవలేదు. పదేళ్ళపాటు నీ పక్కన పడుకున్నాను, ఒక్కసారి గమనించలేదు. పిల్లలకి చదవడం నేర్పుతానని బయలుదేరినదాన్ని! దీనికి నీ ముందు కూర్చుని క్షమాపణ చెప్పుకోవాలి, ఉత్తరంలో చాలదు.

ఇక వినుకో. మొన్న నాలుగో తేదీన కమిషన్ వచ్చింది. ముగ్గురు. వాళ్ళలో పెద్దావిడ, తెల్ల శాలువా, ముఖంలో నవ్వు లేదు. నీ రెండు ఉత్తరాలూ చదివి పిల్లలు తమ మాటల్లో రాసిన కాగితాన్ని బల్ల మీద పెట్టాం. ఆవిడ దాన్ని చదివి, "ఇది మీ పిల్లలు చేసి చూపిస్తే నాకేం తెలుస్తుంది? పదిసార్లు చేయించి ఉంటారు. ఎప్పుడూ చేయనివాళ్ళు ఎవరున్నారు?" అంది.

గదంతా ఇసాబెక్ గారి వైపు చూసింది.

"నేనా? నేను భాష మాస్టారుని!" అన్నారు ఆయన.

"చదవడం వచ్చుగా?" అందావిడ.

కోటు విప్పి సెజిమ్ చేతికిచ్చి, చొక్కా చేతులు మడిచారు. వదినా, ఆయన ప్రతి వాక్యం పైకి చదివి, వేలు దాని మీద ఉంచి, చేసి, అప్పుడు తర్వాత వాక్యానికి వెళ్ళారు. అలా చదవమనే కదా నేను ఆరు నెలలుగా మొత్తుకుంటున్నాను! మావాళ్ళు కావాలని ఇనుప బాణలిని ముందుకు జరిపి పెట్టారు, వెధవలు. ఆయన దాని దాకా వెళ్ళి ఆగి, "ఇనుము వద్దని ఇక్కడ రాసి ఉంది. నన్నే పరీక్ష చేస్తార్రా? మీకు అక్షరాలు నేర్పింది ఎవడనుకున్నారు?" అని అరిచారు. పిల్లలు బల్లలు చరిచారు.

మావాళ్ళు ముందురోజే నానబెట్టి ఉంచిన వేరు నీళ్ళలోంచి, రెండు గంటల తర్వాత ఉన్ని పైకి తీశారు. ఎరుపు. దానిమ్మ గింజ ఎరుపు. ఆయన మోచేతుల దాకా అదే రంగు. చేతుల వైపు చాలాసేపు చూసుకుని, "ఈ కాగితంలో ఒక్క మాట తీసినా కుదరదు, ఒక్క మాట చేర్చినా కుదరదు. నా తరగతిలో ఇలాంటి వ్యాసం నాకెవరూ రాయలేదు" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "నీ పొలం కూడా బాగానే ఉందమ్మా" అన్నారు.

కాగితం కింద "రాసినవారు" అని నీ పేరు ఉంది. ఏ సంస్థలో పనిచేస్తారని పెద్దావిడ అడిగింది. నేను చెప్పేలోగా సెజిమ్, ఆ నోరు విప్పని పిల్ల, లేచి నిలబడి, "కొచ్కోర్‌లో వాళ్ళింట్లో. ఆవిడకి మేం నలభై ఏడు ప్రశ్నలు వేశాం. అన్నిటికీ జవాబు రాశారు" అంది.

తొమ్మిదో తరగతి నాదే. సెప్టెంబరు నుంచి చరిత్రలో, లెక్కల్లో, అన్నిటిలో వారానికో గంట ఇలా చదివించాలని డైరెక్టరు బోర్డు మీద రాశారు. ఎర్ర ఉన్నిలో సగం నీకు పంపుతున్నాను. సెజిమ్ రాసిన రేగుపండు రంగు కాగితం కూడా. మొత్తం ఒక పేజీ, ఎక్కడా "అది" లేదు.

గర్వంతో నిద్ర పట్టని
నీ ఆడపడుచు

*

కొచ్కోర్
22 మార్చి 2003

బిస్మిల్లా.

మా తెల్లమ్మాయికి,

నీ ఉత్తరాన్ని అత్తగారు నా చేత నాలుగుసార్లు చదివించుకుంది. మాస్టారు కోటు విప్పే చోటికి వచ్చేసరికి ప్రతిసారీ చెయ్యెత్తి, "ఆగు, అది మళ్ళీ చదువు" అంటుంది. మీ అన్నయ్య ఐదుకి ఐదు అన్నారు. ఎవరొచ్చినా ఎర్ర ఉన్ని చూపించి, "బత్కెన్ బడిలో అద్దారు, మా ఆవిడ కాగితం చూసి" అంటున్నారు. నేను లోపలికి వెళ్ళిపోతున్నాను. వెళ్ళి తలుపు వెనక నిలబడి వింటున్నానని నీకొక్కదానికే చెబుతున్నాను, అల్లా క్షమించాలి.

క్షమాపణల మాట ఎత్తకు. నీకు తెలియదని నాకూ తెలియలేదు. ఇద్దరమూ ఒకే బడి పిల్లలం.

సెజిమ్ కాగితం పొయ్యి పక్కన గోడకి అంటించి, అందులో ఉన్నట్టే చేశాను. పెద్ద బాణలిలోనే. నా చేతులు వాటంతటవే వెనక్కి వచ్చాయి, అయినా చేశాను. రంగు సరిగ్గా అదే వచ్చింది. ఒక్కచోట నాకు ప్రశ్న వచ్చింది, కడిగిన ఉన్నేనా, కడగనిదా అని. ఎర్ర పెన్సిలు కొనుక్కొచ్చి గుర్తు పెట్టి పంపుతున్నాను. ఆ పిల్ల బాధపడకుండా ముందే చెప్పు, ఇది తప్పు కాదని.

ఇప్పుడు వేస్తున్న షిర్దక్‌కి మధ్యలో మీ మాస్టారి చేతుల ఎరుపు, అంచుకి సెజిమ్ రంగు. అది మీ తరగతి గోడకి. వేసవిలో నువ్వే వచ్చి తీసుకెళ్ళు.

నిన్న శుక్రవారం, నూరూజ్ పండగ కూడా. వీధి ఆడవాళ్ళందరం కలిసి మొలక గోధుమల సుమలోక్ కలిపాం. ప్రార్థన అయ్యాక మామగారి పేరిట ఖురాన్ చదివాం. అందరూ వెళ్ళాక ఇల్లు తుడుస్తూ అత్తగారి పెళ్ళి పెట్టె దగ్గరికి వచ్చాను. ముప్పై ఏళ్ళుగా ఆ మూత మీద దుమ్ము తుడుస్తున్నాను, ఆ బొగ్గు అక్షరాలు చెరిగిపోకుండా వాటి చుట్టూ తుడుస్తున్నాను, చూపు పక్కకి తిప్పుకుని. నిన్న తిప్పుకోలేదు. పెదవులు కదపలేదు, మర్యాద మర్యాదే. గుడ్డ పక్కన పెట్టి, మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివాను. ఆయనకీ చివరి అక్షరం వంకరే పోయింది.

నీ వదిన
కలీచా